‘ప్రజల మనిషి’ నవలలో అక్షరం: విద్యార్థి ప్రాజెక్టుకు ఒక చారిత్రక భూమిక - చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ పరిసరాలు

వ్యాససంగ్రహం:

వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ (1955) నవలను సాధారణంగా భూస్వామ్యవ్యతిరేక నవలగా పరిచయం చేస్తారు. ఆ మాట తప్పు కాదు. అయితే అది నవలావస్తువులో ఒక పార్శ్వం మాత్రమే. అక్షరం ఎవరి చేతిలో ఉంది, అది చేతులు మారితే ఏమవుతుంది అన్న ప్రశ్న ఈ నవలకు పునాది అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ ప్రశ్నను డిగ్రీ విద్యార్థి తన ప్రాజెక్టులో అనుసరించాలంటే నవల ఒక్కటే చాలదు. నవల వెనుక ఉన్న గ్రంథమాలల, పాఠశాలల, గ్రంథాలయాల చరిత్ర కూడా కావాలి. ఆ చరిత్రలో చాలాభాగం సుల్తాన్‌బజార్ మొదలు చిక్కడపల్లి దాకా నడిచి వెళ్లగల దూరంలోనే ఉన్నది.

కీలకపదాలు: ప్రజల మనిషి, వట్టికోట ఆళ్వారుస్వామి, నవలావస్తువు, గ్రంథాలయోద్యమం, దేశోద్ధారక గ్రంథమాల, విద్యార్థి ప్రాజెక్టు, చిక్కడపల్లి గ్రంథాలయం.

1. ప్రవేశిక:

హైదరాబాదు చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయంలో లోపలి హాళ్లు నిండిన తరువాత పాఠకులు ఆవరణలోకి వస్తారు. చెట్లకింద, గోడలవెంట కుర్చీలు వేసుకొని సాయంత్రం దాకా చదువుతారు. వారిలో ఎక్కువమంది జిల్లాలనుండి వచ్చి అశోక్‌నగర్, చిక్కడపల్లి, గాంధీనగర్ వీధుల్లోని హాస్టళ్లలో, ఇరుకు గదుల్లో ఉంటూ ప్రభుత్వోద్యోగాల పరీక్షలకు సిద్ధమవుతున్నవారు. వారి ముందు తెరిచి ఉన్న పుస్తకాలలో గ్రంథాలయపు బీరువాలలోనివి తక్కువ. వెంట తెచ్చుకున్న గైడ్లు, కోచింగ్ సెంటర్ల నోట్సు, జిరాక్సు కాగితాలే ఎక్కువ.

ఆ కాగితాలలో గ్రంథాలయోద్యమం కూడా ఒక అంశం. తెలంగాణ రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ గ్రూప్ పరీక్షల పాఠ్యప్రణాళికలో ఆర్యసమాజం, ఆంధ్రమహాసభ, ఆంధ్ర సారస్వత పరిషత్తు, సాహిత్య గ్రంథాలయోద్యమాలు, భాగ్యరెడ్డివర్మ ఆది హిందూ ఉద్యమం ఒకే వరుసలో కనిపిస్తాయి. ఈ అంశాలన్నింటికీ కథారూపమిచ్చిన నవల ‘ప్రజల మనిషి’. పోటీపరీక్షల లోకంలో మాత్రం అది ఒక ‘బిట్టు’గానే వినియోగంలో ఉంది. ఎడమవైపు నవలల పేర్లు, కుడివైపు రచయితల పేర్లు, జతపరచమంటారు. పేరు తెలిస్తే ఒక మార్కు వస్తుంది. నవల చదివినవారికి అదనంగా వచ్చేది ఏమీ లేదు. ఇందుకు చదువరులను నిందించడం సబబు కాదు. కొలతబద్దను వారు తయారుచేయలేదు.

ఇదే నవల డిగ్రీ కళాశాలలో ప్రాజెక్టుగా వచ్చినప్పుడు స్థితి ఇంతకంటే మెరుగ్గా ఉండాలి. చివరి సెమిస్టరు ప్రాజెక్టులు గానీ, తెలంగాణ కళాశాల విద్యాశాఖ ‘జిజ్ఞాస’ పేరుతో నిర్వహించే విద్యార్థి అధ్యయన ప్రాజెక్టులు గానీ ఒక పుస్తకంతో విద్యార్థి కొన్ని వారాలు గడిపే అవకాశమిస్తాయి. ఆ అవకాశం ఎక్కడ జారిపోతున్నదో ముందుగా చూడాలి.

2. ఇతివృత్తం – వస్తువు:

తెలుగు శాఖల్లో నవలపై ప్రాజెక్టు అనగానే ఒక అచ్చు సిద్ధంగా ఉంటుంది: రచయిత జీవితం, కథాసంగ్రహం, పాత్రచిత్రణ, ఇతివృత్తం, భాషాశైలి, ముగింపు. ఈ వరుసలో ఇతివృత్తం అన్న అధ్యాయానికి వచ్చేసరికి విద్యార్థి కథాసంగ్రహంలో చెప్పినదే మళ్లీ చెబుతాడు. ఇందులో విద్యార్థి లోపం కంటే పరిభాష తెచ్చిన చిక్కే ఎక్కువ. సంస్కృత నాట్యశాస్త్ర సంప్రదాయంలో ఇతివృత్తం నాట్యానికి శరీరం. అంటే కథ నడక. ఆధునిక విమర్శ ‘వస్తువు – శిల్పం’ అని జంటగా చెప్పేటప్పుడు వస్తువు అంటే కథ కాదు. ఆ కథ ద్వారా రచయిత దేనిని పట్టుకున్నాడో అది. ఈ రెండింటినీ పర్యాయపదాలుగా వాడే అలవాటువల్ల ‘ఈ నవల దేని గురించి’ అన్న ప్రశ్నకు ‘ఇందులో ఏమి జరిగింది’ అన్న సమాధానం వస్తూ ఉంటుంది.

రెండో చిక్కు ముద్రల వాడకం. ‘ప్రజల మనిషి’ వస్తువు ‘భూస్వామ్య వ్యతిరేకత’ అని ఒక్క పదంలో రాసి ముగిస్తే, అదే పదం దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ (1969) నవలకూ సరిపోతుంది. తెలంగాణ గ్రామజీవితం మీద వచ్చిన మరి పది నవలలకూ సరిపోతుంది. పది తాళాలకు పట్టే తాళంచెవి ఏ తాళం సంగతీ చెప్పదు. ‘చిల్లర దేవుళ్లు’ గడీ లోపలికి ప్రవేశించి, ఆడబాప వ్యవస్థ వంటి క్రౌర్యాన్ని దగ్గరనుండి చూపిస్తుంది. ‘ప్రజల మనిషి’ చూపు మరోవైపు ఉన్నది. గడీ ఎదుట నిలబడగల మనిషి ఎలా తయారవుతాడన్నది దాని ఆసక్తి.

శీర్షికే ఆ మాట చెబుతున్నది. ‘ప్రజల’ అన్నది షష్ఠీ బహువచనం, ‘మనిషి’ ఏకవచనం. నాయకుడు అనలేదు, వీరుడు అనలేదు. ప్రజలకు చెందిన మనిషి అన్నాడు రచయిత. ఒక ఏకవచనం ఒక బహువచనానికి ఎలా చెందుతుందన్నదే నవల పొడవునా నడిచే ప్రశ్న.

3. నవలలో అక్షరం:

నవలకు రంగం నిజామాబాదు ప్రాంతపు దిమ్మెగూడెం. కాలం 1930ల ఉత్తరార్ధం. ఊరికి దొర రామభూపాలరావు. ఆలయ పూజారి కుమారుడు కంఠీరవం కథానాయకుడు. శ్రమచేసి బతికే కుటుంబానికి చెందిన కొమరయ్యతో అతనికి స్నేహం. ఉద్యమకార్యకర్త విజయదేవు పరిచయంతో కంఠీరవం దృష్టి ఊరి ఎల్లలు దాటుతుంది. దళితుల మతమార్పిడులు, వాటికి ప్రతిగా ఆర్యసమాజ కార్యక్రమం, ఆంధ్రమహాసభ రాజకీయాలు నవలలో ఒకదాని వెంట ఒకటి వస్తాయి. మతం మారినంత మాత్రాన వెట్టి తప్పదని, మూలం భూమిలోను, దొరతనంలోను ఉన్నదని పాఠకునికి తెలిసేలా కథ నడుస్తుంది. 1937లో ఆంధ్రమహాసభ ఆరవ సమావేశం మందుముల నరసింగరావు అధ్యక్షతన నిజామాబాదులోనే జరిగిందన్న చారిత్రక విషయం తెలిసినవారికి ఈ రంగం ఎంపిక యాదృచ్ఛికంగా తోచదు.

ఆనాటి తెలంగాణ గ్రామంలో అక్షరం లేకపోలేదు. అది పట్వారీ లెక్కల్లో ఉన్నది. దొర దస్తావేజులో ఉన్నది. కచ్చేరీ కాగితంలో ఉన్నది. ప్రభుత్వ వ్యవహారం ఉర్దూలో సాగేది. తన భూమి గురించి ఏమి రాశారో తెలియకుండానే రైతు వేలిముద్ర వేసేవాడు. దేశ్‌ముఖులు, పట్వారీలు రికార్డులను తమకు అనుకూలంగా మార్చుకొని భూములు కలుపుకున్న ఉదంతాలు తెలంగాణ రైతాంగ చరిత్రలో కొల్లలు. అంటే గ్రామస్థుడికి అక్షరంతో మొదటి పరిచయం విద్యగా కాదు, అధికారంగా జరిగింది. పలుగూ పారా లేకుండానే గెట్టు జరపగల సాధనం అది.

‘ప్రజల మనిషి’లో చదువుకు ఉన్న బరువును ఈ నేపథ్యంలో చూడాలి. కంఠీరవం ఎదుగుదలను ‘విద్యావంతుడై ఊరికి సేవచేశాడు’ అని చెప్పడం నవలను చిన్నదిగా చేయడమే. పూజారి కుటుంబానికి అక్షరం కొత్త కాదు. వంశానుగతంగా వచ్చిన చదువు ఆ ఇంట ఉన్నది. ఆ చదువు దొరతనాన్ని ప్రశ్నించలేదు; దాని నీడలో బతికింది. కంఠీరవానికి అందినది మరొక రకం చదువు. పత్రిక, సభ, చర్చ అనే మూడింటి గుండా వచ్చిన చదువు. పత్రికను ఒకరు చదివితే పదిమంది వినే కాలమది. అటువంటి చదువుకు తోడు మనిషి కావాలి. అందుకే ఈ నవలలో జ్ఞానం ఎప్పుడూ స్నేహం వెంట వస్తుంది. కొమరయ్య లేకుండా కంఠీరవం లేడు; విజయదేవు లేకుండా ఇద్దరికీ దారి లేదు.

ఈ నవలను తెలంగాణ తొలి నవల అని పేర్కొనడం పరిపాటి. ఒద్దిరాజు సోదరుల వంటివారు అంతకుముందే నవలారచన చేసి ఉన్నందున ఆ విశేషణాన్ని జాగ్రత్తగా వాడాలి. తెలంగాణ సమకాలీన రాజకీయజీవితాన్ని వస్తువుగా చేసుకొన్న తొలినాటి నవలలలో ప్రముఖమైనదంటే పేచీ ఉండదు. ప్రాజెక్టులలో ‘తొలి’ అన్న పదం కనిపించినచోటల్లా ‘దేనిలో తొలి’ అని అడిగించడం మంచి అభ్యాసం.

4. పుస్తకాల సంచి:

ఆళ్వారుస్వామి 1915 నవంబరు 1న నల్లగొండ జిల్లాలోని మాధవరంలో జన్మించారు. చిన్ననాటనే కుటుంబభారం మీదపడగా ఉపాధ్యాయుని ఇంట వంటచేస్తూ చదువు నేర్చుకున్నారు. హోటల్లో సర్వరుగా పనిచేశారు. గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దారు. బడిలో కూర్చొని చదివిన కాలం కంటే పనిచేస్తూ చదివిన కాలమే ఎక్కువ. 1938లో సికింద్రాబాదులో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించారు. ‘దేశోద్ధారక’ అన్నది కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు బిరుదు. ఆయన మరణించినదీ అదే సంవత్సరం. గ్రంథమాల ద్వారా ముప్పైకి పైగా పుస్తకాలు వెలువడ్డాయి. వాటిని అచ్చువేయించడంతో ఆయన పని ముగియలేదు. భుజాన సంచి వేసుకొని మనిషి మనిషి దగ్గరకూ వెళ్లి అమ్మారు. అంతకుముందే 1906లో హైదరాబాదులో కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించారు. రెండేళ్లకే అది మద్రాసుకు తరలిపోయింది. హైదరాబాదులోనే కె.సి. గుప్త అణా గ్రంథమాలను ప్రారంభించారు. ధరను పేరులోనే పెట్టుకున్న ఆ గ్రంథమాల తన పాఠకుడు ఎవరో కూడా ఆ పేరులోనే చెప్పుకున్నది.

దేశోద్ధారక గ్రంథమాలను మొదలుపెట్టేనాటికి ఆళ్వారుస్వామికి ఇరవై మూడేళ్లు నిండుతున్నాయి. చిక్కడపల్లి గ్రంథాలయం ఆవరణలో కూర్చొనే సగటు అభ్యర్థి వయసు అటూఇటుగా అదే. ఈ పోలిక ఎవరినీ తక్కువచేయడానికి కాదు. ఒకే వయసులోని మనిషికి పుస్తకం రెండు కాలాల్లో రెండు వేర్వేరు పనులు చేసిపెడుతున్నదని గుర్తించడానికి.

ఆళ్వారుస్వామి జైలుజీవితం కూడా ఈ సందర్భంలో ప్రస్తావించదగినదే. నిజామాబాదు జైలులో దాశరథి కృష్ణమాచార్య ఆయనకు సహబంది. అక్కడ దాశరథి గోడమీద బొగ్గుతో పద్యాలు రాసిన సంగతి సాహిత్యలోకంలో ప్రసిద్ధం. కాగితం దొరకనిచోట గోడ పుటగా మారడం, ఒకరు రాస్తే మరొకరు కంఠస్థం చేయడం - ఇవి వట్టి వీరగాథలు కావు. ‘ప్రజల మనిషి’ రచయితకు అక్షరంతో ఉన్న సంబంధానికి సాక్ష్యాలు. దాశరథి తన ‘అగ్నిధార’ను ఆయనకు అంకితమిచ్చారు. జైలులో చూసిన మనుషులతో ఆళ్వారుస్వామి ‘జైలు లోపల’ కథలు రాశారు. రెండో నవల ‘గంగు’ పూర్తికాకుండానే 1961 ఫిబ్రవరి 5న కన్నుమూశారు. అది ఆయన మరణానంతరం అచ్చయింది. రచయిత, ప్రచురణకర్త, విక్రేత, ఖైదీ ఒకే వ్యక్తి అయినప్పుడు అతని నవలలో పుస్తకం కేవలం అలంకారవస్తువుగా ఉండదు.

5. నారాయణగూడ పాఠశాల, కార్వే పేరు:

నవల గ్రామంలో జరుగుతుంది గనుక ప్రాజెక్టు కూడా గ్రామం గురించే మాట్లాడాలని విద్యార్థులు భావిస్తారు. నిజానికి దిమ్మెగూడెంలాంటి ఊళ్లకు చేరిన మాటలు హైదరాబాదు నగరంలోని కొన్ని వీధులగుండా ప్రయాణించాయి.

1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసింది. రావిచెట్టు రంగారావు ఇంట మొదలై, తరువాత సుల్తాన్‌బజార్‌లో స్థిరపడింది. 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం, 1905లో సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధనీ గ్రంథాలయం వచ్చాయి. ‘భాషానిలయం’ అన్న పేరే గమనింపదగింది. పుస్తకాలయం అనలేదు. తెలుగుకు ఒక ఇల్లు కావలసివచ్చిన స్థితి ఆ పేరులో ఉన్నది.

ఆ స్థితి ఎంత తీవ్రమైనదో 1921 నవంబరు 12న తేటతెల్లమయింది. హైదరాబాదు వివేకవర్ధనీ ప్రాంగణంలో మహర్షి ధోండో కేశవ కార్వే అధ్యక్షతన సంఘసంస్కార సభ జరుగుతుండగా ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో ఉపన్యసించబోతే సభలో గేలి జరిగింది. ఆ రాత్రే తెలుగువారు సమావేశమై ఆంధ్రజనసంఘానికి పునాది వేశారు. మాడపాటి హనుమంతరావు అందులో ముఖ్యులు. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్రమహాసభ జరగడానికి మూలం ఇక్కడే ఉంది.

కార్వే పేరు మళ్లీ ఒకసారి వస్తుంది, పూర్తిగా వేరే పాత్రలో. మాడపాటి 1928లో బాలికలకోసం తెలుగు మాధ్యమంలో పాఠశాల స్థాపించారు. నేడు నారాయణగూడలో ఆయన పేరుతోనే ఉన్న పాఠశాల అది. నిజాం రాజ్యంలో ఉన్నతవిద్యకు మాధ్యమం ఉర్దూ. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో తెలుగు ఒక పాఠ్యభాషగా ఉన్నదే తప్ప బోధనాభాషగా లేదు. తెలుగులో చదివిన బాలికలకు స్థానికంగా గుర్తింపుగల పరీక్ష లేదు. అప్పుడు ఈ పాఠశాల పుణెలో కార్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధమయింది. తెలుగు మాటకు గేలి ఎదురైన సభకు అధ్యక్షుడిగా చరిత్రలో నిలిచిన కార్వే, తెలుగులో చదివిన ఆడపిల్లల పరీక్షకు ఆధారం కూడా అయ్యారు. చరిత్రలో మనుషులు ఇలా రెండు వైపులా కనిపిస్తారు. నవలలోని పాత్రలను మంచి, చెడు అని రెండు గుంపులుగా విడదీసే పాత్రచిత్రణాధ్యాయాలకు ఇది మంచి విరుగుడు.

ఈ పాఠశాల మరొక ప్రశ్నకూ దారితీస్తుంది. ‘ప్రజల మనిషి’లో ‘మనిషి’ పురుషుడే. చదువు, సభ, జైలు అన్న దారిలో నడిచేది పురుషుడే. అదే దశాబ్దంలో నారాయణగూడలో ఆడపిల్లలు తెలుగులో ఉన్నతపాఠశాల చదువు చదువుతున్నారు. నవల ఆ చదువును తన పరిధిలోకి తీసుకోలేదు. దీనిని లోపంగా ఎత్తిచూపడం తేలిక. ఎందుకు అలా జరిగిందని అడగడం ప్రాజెక్టుకు పనికివచ్చే పని. ఆంధ్రమహాసభలతోపాటు ఆంధ్రమహిళాసభలు కూడా జరిగాయన్న విషయంతో ఆ అన్వేషణ మొదలుపెట్టవచ్చు.

6. నిషేధం నుండి చట్టానికి:

నిజాం ప్రభుత్వపు ‘గస్తీ నిషాన్ తిర్పన్’, అంటే 53వ నంబరు సర్క్యులర్, ముందస్తు అనుమతి లేకుండా సభలు జరపడాన్ని కట్టడి చేసింది. అటువంటి కాలంలో గ్రంథాలయ వార్షికోత్సవం ఒక మార్గమయింది. పుస్తకాల పేరుతో మనుషులు కలిశారు. కవిత్వం చదివారు, ఉపన్యాసాలు విన్నారు, చందాలు పోగుచేశారు. మాడపాటి ‘తెలంగాణ ఆంధ్రోద్యమము’ చదివినవారికి ఆ ఉద్యమం ఎంతగా గ్రంథాలయాల మీద, పాఠశాలల మీద నిలబడిందో తెలుస్తుంది. గ్రంథాలయమంటే బీరువా, బల్ల, నిశ్శబ్దం అన్న నేటి ఊహకు ఆనాటి గ్రంథాలయం లొంగదు. అక్కడ నిశ్శబ్దం నియమం కాదు, మాట్లాడుకోవడమే ప్రయోజనం.

1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసింది. 1955లో హైదరాబాదు రాష్ట్రం పౌరగ్రంథాలయాల చట్టం చేసింది. ‘ప్రజల మనిషి’ వెలువడినదీ ఆ ఏడే. చందాలతో, అనుమతుల కోసం తిరుగుడుతో నడిచిన వ్యవస్థను ప్రభుత్వం తన బాధ్యతగా స్వీకరించిన సంవత్సరంలోనే, ఆ వ్యవస్థను తన రక్తంలో మోసిన మనిషి నవల అచ్చయింది. రెండింటి మధ్య కార్యకారణసంబంధం వెతకనవసరం లేదు. కానీ ఒక కాలం ముగిసి మరొకటి మొదలైన చోటు అది. 1960లో ఆంధ్రప్రదేశ్ గ్రంథాలయాల చట్టం వచ్చింది. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సుతో జిల్లా, నగర గ్రంథాలయ సంస్థలు నడిచే పద్ధతి స్థిరపడింది. చిక్కడపల్లి గ్రంథాలయం ఈ వ్యవస్థలోనిదే.

చందాకూ సెస్సుకూ ఉన్న తేడా డబ్బు తేడా మాత్రమే కాదు. చందా ఇచ్చినవాడు సభ్యుడు. గ్రంథాలయంలో ఏ పుస్తకం ఉండాలో, వార్షికోత్సవానికి ఎవరిని పిలవాలో అతనికి ఒక మాట ఉండేది. సెస్సు కట్టేవాడికి తాను కడుతున్నట్లే తెలియదు. ప్రభుత్వం పూనుకొన్నందువల్ల గ్రంథాలయం అందరికీ అందింది. అందువల్లనే అది ఎవరి సొంతమూ కాకుండా పోయింది. గ్రంథాలయోద్యమపు విజయంలో ఈ నష్టం కూడా ఇమిడి ఉన్నదని అంగీకరించక తప్పదు.

7. ప్రాజెక్టు అడగదగిన ప్రశ్నలు:

ఈ భూమిక మీద నిలబడి ‘ప్రజల మనిషి’ని చదివే విద్యార్థి మొదట చేయదగిన పని నవలలో ఎవరు ఎవరికి చదివి వినిపిస్తున్నారో, ఎవరు ఎవరి తరఫున రాస్తున్నారో, ఎవరు ఏ కాగితానికి భయపడుతున్నారో పుటసంఖ్యలతో గుర్తించడం. ఇది పైకి గుమాస్తా పనిలా కనిపిస్తుంది. అయితే వస్తువు తేలేది ఇక్కడే. దొర మాట, కాగితం మీద రాత, సభలో ఉపన్యాసం – ఈ మూడు రకాల భాష నవలలో ఎక్కడెక్కడ ఎదురెదురుగా వస్తాయో చూస్తే, ‘భూస్వామ్య వ్యతిరేకత’ అన్న ముద్ర వెనుక ఉన్న అసలు కదలిక బయటపడుతుంది.

రెండవది, పుస్తకాన్ని వస్తువుగా చూడటం. ఇక్కడ వస్తువు అంటే చేతిలో పట్టుకొనే వస్తువే. పాత తెలుగు పుస్తకం లోపలిపుట మీద ప్రచురణకర్త పేరు, ముద్రణాలయం, ప్రతుల సంఖ్య, వెల ఉంటాయి. వేర్వేరు ముద్రణలను పక్కపక్కన పెట్టి ఆ పుటను పోల్చితే నవల ఎవరి చేతులు మారి వచ్చిందో అర్థమవుతుంది. గ్రంథాలయ ప్రతి అయితే లోపల అంటించిన తేదీల కాగితం ఉంటుంది. ఏ సంవత్సరాలలో ఎన్నిసార్లు పుస్తకం బయటికి వెళ్లింది, ఎప్పటినుండి వెళ్లడం మానేసింది అన్నదానికి అంతకంటే నిజాయితీగల సాక్ష్యం దొరకదు. ఏ విమర్శకుడూ రాయని పఠనచరిత్ర ఆ రబ్బరు ముద్రల్లో ఉన్నది. చిక్కడపల్లి నుండి నడిచి వెళ్లగల బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞానకేంద్రం గ్రంథాలయంలో పాత తెలుగు పుస్తకాలు, పత్రికలు ఉన్నాయి. ఒక నవల మీద రెండు గ్రంథాలయాలలో పనిచేయడం డిగ్రీ విద్యార్థికి భారం కాదు.

మూడవది కొంత సున్నితమైనది. గ్రంథాలయం ఆవరణలో చదువుకునేవారిని కలిసి మాట్లాడటం. ‘మీరు నవల చదివారా’ అన్న ప్రశ్న ఇక్కడ పనికిరాదు. అది పరీక్షలా ఉంటుంది. రోజంతా పరీక్షకు చదివేవారిని మరో పరీక్ష పెట్టడం మర్యాద కాదు. ‘మీ ఊళ్లో గ్రంథాలయం ఉందా, మీరు మొదట చదివిన కథాపుస్తకం ఏది, దాన్ని మీ చేతికి ఎవరిచ్చారు’ అని అడిగితే మాటలు వస్తాయి. పుస్తకం చేతికిచ్చిన మనిషి గురించిన ఆ జవాబులే ‘ప్రజల మనిషి’ వస్తువుకు నేటి సామగ్రి. జవాబిచ్చినవారి పేర్లు నివేదికలో రాయకపోవడం, వారి అనుమతి తీసుకోవడం తప్పనిసరి.

పర్యవేక్షకులు కూడా మార్కుల పద్ధతిని కొంత మార్చుకోవలసి ఉంటుంది. ఎనభై పుటల టైపు ప్రతి కంటే, తేదీల కాగితం చూసి రాసిన రెండు పుటల పరిశీలన విలువైనదని ఒప్పుకుంటే తప్ప ఈ దారిలో విద్యార్థులు నడవరు. కథాసంగ్రహం ఇప్పుడు ఎక్కడైనా దొరుకుతుంది. రబ్బరు ముద్ర తేదీ బీరువా దగ్గరకు వెళితేనే దొరుకుతుంది.

8. అశోక్‌నగర్, 2024:

గ్రంథాలయంలో ఒంటరిగా చదివే అభ్యర్థి చిత్రం పూర్తి చిత్రం కాదు. 2022 ఏప్రిల్‌లో 503 గ్రూప్-1 ఉద్యోగాలకు ప్రకటన వచ్చింది. ప్రశ్నపత్రాల లీకేజీతో ఒకసారి, హైకోర్టు తీర్పుతో మరొకసారి ప్రిలిమ్స్ రద్దయ్యాయి. 2024 ఫిబ్రవరిలో 563 ఉద్యోగాలకు కొత్త ప్రకటన వెలువడింది. అదే ఏడాది అక్టోబరులో, మెయిన్స్‌కు ముందు, జీవో 29ని వ్యతిరేకిస్తూ, పరీక్షలు వాయిదా వేయాలని కోరుతూ అభ్యర్థులు అశోక్‌నగర్‌లో రోడ్డు మీదికి వచ్చారు. పోలీసులు లాఠీలకు పని చెప్పారు. సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. అక్టోబరు 21న పరీక్షలు మొదలయ్యాయి.

ఈ ఘటనను గస్తీ నిషాన్ 53 నాటి కాలంతో సమానం చేసి చూపడం చరిత్రకు అన్యాయం. అక్కడ సభ జరపడానికే అనుమతి కావాలి. ఇక్కడ ఒక ఉత్తర్వుపై వివాదం న్యాయస్థానం దాకా వెళ్లింది. కోరికలూ వేరు. జీవో 29 అభ్యర్థులనే సామాజికవర్గాల వారీగా భిన్నంగా తాకే విషయం గనుక ఆ సమూహానికి ఒకే గొంతు ఉన్నదనుకోవడం కూడా తొందరపాటే. అయినా ప్రాజెక్టు దృష్టిలో ఒక విషయం మిగులుతుంది. ఎవరి గదిలో వారు, ఎవరి గైడు ముందు వారు, ఒకరికి ఒకరు పోటీదారులుగా కూర్చొన్నవారు ఆ కొద్ది రోజులు ఒక ఉత్తర్వు పాఠాన్ని పట్టుకొని కలిశారు. ప్రభుత్వ కాగితాన్ని చదివి, దాని అర్థం తమ జీవితం మీద ఎలా పడుతుందో లెక్కగట్టారు. పట్వారీ లెక్కల ముందు నిలబడిన దిమ్మెగూడెం రైతుకు లేనిది, వీరికి ఉన్నది ఆ చదవగల శక్తే.

ఆ రోజుల్లో వెలువడిన కరపత్రాలు, ఫోన్లలో తిరిగిన పోస్టర్లు, న్యాయస్థానానికి సమర్పించిన అర్జీలు ఇప్పటికీ సేకరించవచ్చు. మరికొన్నేళ్లకు దొరకవు. చిక్కడపల్లి బస్టాపు దగ్గరి జిరాక్సు దుకాణాల కంప్యూటర్లలో ఉన్నవి చెరిగిపోతాయి. గదులు ఖాళీచేసి వెళ్లినవారి సంచుల్లో ఉన్నవి పాత కాగితాలవాడికి పోతాయి. ఆళ్వారుస్వామి గ్రంథమాల ప్రచురణలు అన్నీ ఒకేచోట లభించకపోవడానికి కారణం కూడా అలాంటిదే. తెలుగు చదివే డిగ్రీ విద్యార్థి ఒక నవలను పట్టుకొని ఈ వీధుల్లోకి వచ్చినప్పుడు, నవల నుండి రాసుకొన్న పుటసంఖ్యల పక్కన ఈ కాగితాలకూ ఒక దస్త్రం తెరవవచ్చు.